మహమ్మారి సంవత్సరమున పరీక్షాశాలలు

అంటువ్యాధి వ్యాపించినపుడు వైద్యునికి మొట్టమొదట తెలియవలసినది ఏ మందు ఈయవలెనను సంగతి కాదు. ఎదుటనున్న మనుష్యునకు సోకిన రోగమేది అను సంగతి. జ్వరము, దగ్గు, ఒళ్ళునొప్పులు అనేక వ్యాధులకు సామాన్య లక్షణములు. వీనిని మాత్రమే చూచి కోవిడ్ వ్యాధిని ఇన్‌ఫ్లుయెంజానుండి వేరుపరచుట సాధ్యము కాదు. పైగా వైరసు సోకియు ఏ బాధయు లేక తిరుగువారు అనేకులు ఉండిరి. వారినుండియు ఇతరులకు వ్యాధి అంటుచుండెను. కనుక 2020వ సంవత్సరమున ఎవరిని వేరుగ ఉంచవలెను, ఎవరిని పనికి పంపవచ్చును, ఏ ఊరికి పడకలు, ఆక్సిజను చేర్చవలెను అను నిర్ణయములు పరీక్షాశాలనుండి వచ్చు చీటీపై ఆధారపడెను.

ఆస్పత్రులలో వైద్యులు, నర్సులు పడిన శ్రమను లోకమంతయు చూచినది. పరీక్షాశాలలలో పనిచేసిన వారి శ్రమ మూసిన తలుపుల వెనుక జరిగినది. వారు ఆ సంవత్సరమున ఏమి చేసిరి? పని ఎక్కడ చిక్కుపడినది? ఆ అనుభవమును బట్టి ఇకముందు ఏ పనులకు ప్రాధాన్యము ఈయవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు ఈ వ్యాసమున చూతము. పరీక్ష అనునది ఒక గొలుసు. ఆ సంవత్సరమున గొలుసు తెగినది గొప్ప యంత్రముల వద్దకంటె చిన్న వస్తువుల వద్దను, అలసిన మనుష్యుల వద్దను. ముఖ్యమైన పాఠము ఇదియే.

ఒక్కటినుండి వేయివరకు

చైనాలోని వూహాన్ నగరమున 2019 డిసెంబరులో బయటపడిన ఈ వ్యాధికి కారణమైన వైరసు జన్యుక్రమము 2020 జనవరి రెండవ వారమునకే ప్రకటింపబడెను. బెర్లిన్ నగరమున షారిటే వైద్యసంస్థలో క్రిస్టియన్ డ్రోస్టెన్ నాయకత్వమున పనిచేయు శాస్త్రజ్ఞులు కొలది దినములలోనే దానిని గుర్తించు పరీక్షను సిద్ధపరచిరి. అప్పటికి వారివద్ద ఆ వైరసు లేదు. దాని జన్యువులలోని అక్షరముల వరుస మాత్రమే ఉండెను. విజ్ఞానము సర్వజనులకు వెల్లడియైనచో ఎంత వేగముగ ఉపయోగపడునో ఇందువలన తెలియుచున్నది.

భారతదేశమున మొదటి కోవిడ్ రోగి 2020 జనవరి 30వ తేదీన కేరళ రాష్ట్రములోని త్రిస్సూరులో గుర్తింపబడెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించినదియు ఆ దినముననే. ఆ నెలలో మన దేశమున ఈ పరీక్ష చేయుచుండినది పుణే నగరములోని జాతీయ వైరాలజీ సంస్థ ఒక్కటియే. జూన్ 23వ తేదీకి అట్టి పరీక్షాశాలలు 1000 అయ్యెను. వానిలో 730 ప్రభుత్వమువి, 270 ప్రైవేటువి. ఆగస్టు 21వ తేదీన ఒక్క దినముననే 10 లక్షలకు పైగా నమూనాలు పరీక్షింపబడెను.

ఇది క్రొత్త భవనములు కట్టుటవలన జరిగినది కాదు. ఈ పరీక్షకు వలసిన యంత్రము, దానిని నడుప నేర్చిన మనుష్యులు అప్పటికే వైద్య కళాశాలలలోను, పశువ్యాధుల పరిశోధనశాలలలోను, వ్యవసాయ, జీవశాస్త్ర సంస్థలలోను ఉండిరి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., పరిశోధనకై ఏర్పడినదే కాని రోగుల పరీక్షకై ఏర్పడినది కాదు. అయినను అది తన పరిశోధనలను ప్రక్కనబెట్టి నమూనాలను పరీక్షించెను. ఇతర పరీక్షాశాలల సిబ్బందికి శిక్షణ నిచ్చెను. ఆపత్కాలమున ఉపయోగపడిన శక్తి శాంతికాలమున, వేరొక పనికొరకు, కూడబెట్టబడినది. ఇది గమనింపదగిన విషయము.

పరీక్ష జరుగు విధము

కోవిడ్ వైరసు జన్యుపదార్థము ఆర్.ఎన్.ఏ. అను పొడవైన అణువు. రోగి ముక్కు లోపలి భాగమునుండి గాని గొంతునుండి గాని సన్నని పుల్లతో తీసిన నమూనాలో ఈ అణువులు బహు స్వల్పముగ ఉండును. వానిని తిన్నగా చూచుట సాధ్యము కాదు. కనుక వానిని కనబడునంతగా పెంచవలెను.

ముందుగా ఆ పుల్లను ఒక ప్రత్యేక ద్రవముగల గొట్టములో ముంచి, మూతబిగించి, మంచుపెట్టెలో పరీక్షాశాలకు పంపుదురు. అచ్చట రక్షణ దుస్తులు ధరించిన టెక్నీషియను గాలిని వడకట్టు పెట్టెవంటి బల్లవద్ద కూర్చుండి గొట్టమును తెరచును. నమూనాలోని ఇతర పదార్థములను తొలగించి ఆర్.ఎన్.ఏ.ను మాత్రము వేరుచేయును. తరువాత ఒక ఎంజైము సహాయమున ఆర్.ఎన్.ఏ.కు డి.ఎన్.ఏ. ప్రతి తయారగును. ఈ ఎంజైమును 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ అనువారు వేరువేరుగ కనుగొనిరి. డి.ఎన్.ఏ.ను మరల మరల ద్విగుణము చేయు పద్ధతిని 1983లో కారీ మల్లిస్ ఊహించెను. అందులకు 1993లో అతనికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. దీనికే పి.సి.ఆర్. అని పేరు.

ఈ పద్ధతిలో మిశ్రమమును సుమారు 95 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసినచో డి.ఎన్.ఏ. పేటలు రెండును విడిపోవును. సుమారు 60 డిగ్రీలకు చల్లార్చినచో ఒక్కొక్క పేటకు క్రొత్త జత ఏర్పడును. ఇట్లు ఒక ఆవర్తనమునకు ఒకటి రెండగును. పది ఆవర్తనములకు 1024, ఇరువదింటికి 10,48,576, ముప్పదింటికి 107 కోట్లకు పైగా అగును. ప్రతులతోపాటు మిశ్రమమున ఒక విధమైన కాంతి పెరుగును. ఆ కాంతి ఎన్నవ ఆవర్తనమున నిర్ణీతమైన గీతను దాటునో యంత్రము గుర్తించును. నమూనాలో వైరసు ఎక్కువగ ఉన్నచో త్వరగను, తక్కువగ ఉన్నచో ఆలస్యముగను దాటును. పది ఆవర్తనముల తేడా అనగా వైరసు పరిమాణమున వేయిరెట్ల తేడా అని విద్యార్థులు పై లెక్కనుబట్టి గ్రహింపగలరు.

ఇంత సూక్ష్మమైన పద్ధతికి ఒక ప్రమాదము కలదు. ఒక నమూనానుండి కంటికి కనబడని తుంపర ప్రక్క గుంటలో పడినను అదియు కోట్లరెట్లు పెరుగును. రోగము లేనివానికి ఉన్నట్లు ఫలితము వచ్చును. కనుక 96 గుంటల పళ్ళెములో ఒక గుంటయందు వైరసు లేదని నిశ్చయముగ తెలిసిన ద్రవమును, వేరొక గుంటయందు ఉన్నదని తెలిసిన ద్రవమును ఉంచుదురు. మొదటిది వెలిగినను, రెండవది వెలుగకున్నను ఆ పళ్ళెమంతయు త్రోసివేసి మరల మొదలుపెట్టవలసినదే. అంతకు ముందు దినమునుండి ఫలితమునకై ఎదురుచూచు కుటుంబములు ఎన్ని ఉన్నను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

గొలుసు తెగిన చోటులు

ఈ పరీక్షకు పి.సి.ఆర్. యంత్రము ప్రాణము వంటిది. కాని 2020 వేసవిలో అనేక దేశములలో పరీక్షలు ఆగినది యంత్రములు చాలక మాత్రమే కాదు. మొదటి కొరత నమూనా తీయు పుల్ల. కొయ్యపుల్లకు దూది చుట్టి వాడుకొనవచ్చును గదా అని తోచవచ్చును. కాని కొయ్యలోని కొన్ని పదార్థములు పి.సి.ఆర్. చర్యను అడ్డగించును. కనుక ప్లాస్టిక్ కాడకు నైలాను వంటి కృత్రిమపు నూలు అంటించిన పుల్లలు కావలెను. వానిని విరివిగ తయారుచేయు కర్మాగారములలో ముఖ్యమైనది ఒకటి ఇటలీలోని లొంబార్డీ ప్రాంతమున ఉండెను. ఐరోపాలో మహమ్మారి మొట్టమొదట తీవ్రముగ తాకిన ప్రాంతమును అదియే!

రెండవ కొరత ఆర్.ఎన్.ఏ.ను వేరుచేయు కిట్లు. ప్రపంచమంతయు ఒక్కమారే వానిని కోరుటచే వాని రాక ఆలస్యమయ్యెను. పైగా గొలుసులో అన్నిటికంటె ఎక్కువ సమయమును, ఎక్కువ చేతిపనిని కోరునది ఈ దశయే. ఇచ్చట సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఒక సరళమైన మార్గమును కనుగొనిరి. పుల్లను ద్రవములో ముంచక పొడిగనే గొట్టములో పెట్టి పంపవలెను. పరీక్షాశాలలో దానిని సామాన్యమైన ఒక ద్రవములో ఉంచి, సుమారు 98 డిగ్రీలవద్ద కొలది నిమిషములు వేడిచేసినచో వైరసు పగిలి ఆర్.ఎన్.ఏ. బయటపడును, దానిని వేరుగ శుద్ధిచేయనక్కరలేకయే పి.సి.ఆర్.కు పంపవచ్చును. ద్రవము ఒలుకు ప్రమాదము లేదు, ఖరీదైన కిట్టు అక్కరలేదు, సమయమును కలిసివచ్చును. ఈ పొడి పుల్ల పద్ధతిని భారత వైద్య పరిశోధన మండలి 2020 నవంబరులో ఆమోదించెను. అప్పటికి మొదటి తరంగపు శిఖరము దాటిపోయినది. మంచి ఉపాయము సిద్ధమగుట ఒక పని, అది అన్ని పరీక్షాశాలలకు చేరుట మరొక పని అని దీనివలన తెలియును.

మూడవ కొరత మనుష్యులది. రక్షణ దుస్తులు తొడిగిన తరువాత తీయువరకు నీరు త్రాగుటకు వీలులేదు. అద్దములమీద ఆవిరి పట్టును. అట్టి స్థితిలో ఒక గొట్టముమీది చీటీ తారుమారైనచో ఇద్దరి ఫలితములు తప్పును. పుల్లను ముక్కులో చాలినంత లోపలికి పోనీయకున్నను, వ్యాధి సోకిన మరునాడే నమూనా తీసినను రోగమున్నవానికి లేదని ఫలితము రావచ్చును. యంత్రము తనకు అందినదానిని మాత్రమే లెక్కించును. కనుక పరీక్ష నాణ్యత సగము నమూనా తీయువాని చేతిలో ఉన్నదని ఆ సంవత్సరము పనిచేసినవారు చక్కగ ఎరుగుదురు.

అయిదుగురికి ఒక పరీక్ష

కిట్లు తక్కువ, నమూనాలు ఎక్కువ అయినపుడు గణితశాస్త్రము సహాయమునకు వచ్చెను. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సైన్యమున చేరువారి రక్తమును పరీక్షించుటకై ఒక ఉపాయమును సూచించెను. పలువురి నమూనాలనుండి కొంచెము కొంచెము తీసి కలిపి ఒకే పరీక్ష చేయవలెను. రోగము లేదని తేలినచో అందరికిని లేనట్లే. ఉన్నదని తేలినచో మాత్రము ఆ గుంపులోనివారిని విడివిడిగ పరీక్షింపవలెను.

నూరుగురిలో ఒకనికి రోగమున్నదనుకొందము. అయిదుగురు చొప్పున 20 గుంపులు చేసినచో 20 పరీక్షలు. రోగి ఉన్న గుంపు ఒక్కటియే. దానిలోని అయిదుగురికి మరి 5 పరీక్షలు. మొత్తము 25. నూరు పరీక్షల పని ఇరువదియైదింటితో తీరినది.

అయితే ఈ లాభము ఎల్లప్పుడు ఉండదు. నూటికి అయిదుగురు రోగులైనచో ఒక గుంపులో ఎవరికిని రోగము లేకుండుటకు సంభావ్యత 0.95ను అయిదుమారులు గుణింపగ వచ్చు 0.774. అనగా 20 గుంపులలో సగటున 4.5 గుంపులను మరల పరీక్షింపవలెను. మొత్తము సుమారు 43 పరీక్షలు అగును. నూటికి ముప్పదిమంది రోగులైనచో ఇదే లెక్కప్రకారము సుమారు 103 పరీక్షలు కావలెను. అనగా కలుపుటవలన లాభము పోయి నష్టమే వచ్చును.

దీనికి తోడు మరి రెండు చిక్కులు కలవు. ఒక రోగి నమూనా నలుగురి నమూనాలతో కలిసినపుడు అయిదింట ఒకవంతుకు పలుచబడును; కాంతి గీతను దాటుట రెండు ఆవర్తనములకు పైగా ఆలస్యమగును. వైరసు అతిస్వల్పముగ ఉన్నచో దొరకకపోవచ్చును. రెండవది, మరల పరీక్షింపవలసినవారికి ఫలితము ఆలస్యమగును. భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్‌లో ఈ పద్ధతిని అనుమతించుచు, అయిదింటికి మించి కలుపరాదనియు, నూటికి ఇద్దరికంటె తక్కువ రోగులున్న ప్రాంతములలో దీనిని వాడవచ్చుననియు, నూటికి అయిదుగురికి మించినచోట వాడరాదనియు చెప్పెను. రెండింటికిని అయిదింటికిని నడుమ లక్షణములు లేనివారి సర్వేలకు మాత్రమే వాడవచ్చును. వ్యాధి పెరిగినకొలది ఈ ఉపాయము బలము తగ్గును. కనుక వ్యాధి తక్కువగ ఉన్న ప్రారంభదినములే దీనికి తగిన సమయము.

మరుగునపడిన రోగము

మహమ్మారి సంవత్సరపు ఖాతాలో కోవిడ్ లెక్కలలో కనబడని ఒక నష్టము కలదు. మన దేశమున 2019లో 24.04 లక్షల క్షయరోగులు ప్రభుత్వ లెక్కకు వచ్చిరి. 2020లో ఆ సంఖ్య 18.05 లక్షలకు తగ్గెను. అనగా క్షయ తగ్గినదని సంతోషింపరాదు, కనుగొనుట తగ్గినది. రాకపోకలు నిలిచిపోయినవి, దగ్గుతో ఆస్పత్రికి పోవుటకు జనులు భయపడిరి. దానికి తోడు, క్షయను గుర్తించుటకు సమకూర్చిన చిన్న యంత్రములు, వానిని నడుపు టెక్నీషియనులు కోవిడ్ పనికి మళ్ళింపబడిరి. గోవాలో తయారై, బ్యాటరీతో గూడ నడిచెడి ట్రూనాట్ యంత్రము ఇట్టిదే. అది చిన్న ఊళ్ళలో కోవిడ్ పరీక్షకు ఎంతో తోడ్పడెను. కాని ఒకే యంత్రము ఒకే గంటలో రెండు పనులు చేయలేదు.

చికిత్సలేని క్షయరోగి ఏడాదిలో 5 నుండి 15 మందికి వ్యాధిని అంటించునని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. కనుక కనబడని ఆ ఆరు లక్షలమంది లోటు ఒక సంవత్సరముతో తీరునది కాదు. ఆ సంవత్సరమున ప్రపంచమున క్షయ మరణములు పది సంవత్సరముల తరువాత మొట్టమొదటిమారు పెరిగెను. ఒక రోగమునకై ఎత్తిన దీపము వేరొక రోగమును చీకటిలో ఉంచరాదు. పరీక్షాశాలల వారు తరువాతి ప్రణాళికలలో మొదట వ్రాసికొనవలసిన వాక్యమిది.

మురుగునీటి సాక్ష్యము

ఒక్కొక్కరిని పరీక్షించుట ఒక మార్గము; ఊరంతటిని ఒక్కమారు పరీక్షించుట మరొకటి. కోవిడ్ సోకినవారి మలముద్వారా వైరసు ఆర్.ఎన్.ఏ. బయటికి పోవును. లక్షణములు లేనివారును, పరీక్షకు రానివారును ఈ లెక్కనుండి తప్పించుకొనలేరు. 2020లో సి.సి.ఎం.బి., భారత రసాయన సాంకేతిక సంస్థ కలిసి హైదరాబాదు మురుగునీటి శుద్ధి కేంద్రములనుండి నమూనాలు తీసి పరీక్షించి, నగరమున ఆ కాలమునకు సుమారు 6.6 లక్షలమందికి, అనగా జనాభాలో నూటికి ఆరుగురికి, వైరసు సోకియుండునని ఆగస్టులో అంచనా కట్టిరి. వీరిలో అధికసంఖ్యాకులకు లక్షణములు లేకపోవుటచే వారు ఆస్పత్రి లెక్కలకు ఎక్కలేదు.

ఈ పద్ధతి హైదరాబాదునకు క్రొత్త కాదు. 2016 జూన్‌లో అంబర్‌పేట మురుగునీటియందు టీకానుండి మార్పుచెందిన పోలియో వైరసు కనబడెను. ఒక్క బిడ్డకైనను వ్యాధి కనబడకముందే నగరమున పిల్లలకు టీకాలు వేయబడెను. పోలియోపై మురుగునీటి నిఘా ముంబాయిలో 2001 నుండియే కలదు. అట్టి నిఘా అన్ని పెద్ద పట్టణములలోను, అన్ని కాలములందును జరిగినచో రాబోవు వ్యాధి అడుగుల చప్పుడు ముందుగనే వినవచ్చును.

ఇకముందు చేయవలసినవి

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5వ తేదీన కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించెను. అట్టి ఆపద మరల రాదని ఎవరును చెప్పలేరు. కనుక ఆ అనుభవమునుబట్టి కొన్ని ప్రాధాన్యములను స్థిరపరచుకొనవలెను.

మొదటిది, పుల్లలు, ద్రవములు, ఎంజైములు వంటి చిన్న వస్తువులను దేశముననే తయారుచేయు శక్తి. యంత్రమును ఒకమారు కొనవచ్చును. వీనిని దినదినమును కొనవలెను.

రెండవది, మనుష్యులు. అనేక రాష్ట్రములలో ఆ సంవత్సరమున టెక్నీషియనులు తాత్కాలికముగ నియమింపబడిరి. పని నేర్చిన చేతులను తరంగము తగ్గినతోడనే పోగొట్టుకొనుట, వాన వెలిసినదని గొడుగును పారవేయుట వంటిది. 2021 అక్టోబరులో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ పథకములో 730 జిల్లాలకు ఒక్కొక్క సమగ్ర ప్రజారోగ్య పరీక్షాశాల ఉద్దేశింపబడినది. దానిలో క్షయ, డెంగ్యూ, కామెర్లు మొదలగువాని పరీక్షలు నిత్యము జరిగినపుడే క్రొత్త రోగము వచ్చిన దినమున అది పనికివచ్చును.

మూడవది, వైరసు మార్పులను కనిపెట్టుట. జన్యుక్రమములను చదువుటకై పది పరీక్షాశాలలతో ఇన్సాకాగ్ అను సంఘము 2020 డిసెంబరులో ఏర్పడెను; వానిలో సి.సి.ఎం.బి.తోపాటు హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రమును కలదు. కాని 2021లో రెండవ తరంగమునకు ముఖ్యకారణమైన డెల్టా రూపము 2020 అక్టోబరు నాటి నమూనాలలోనే ఉండెను. ఇట్టి సంఘము ఆపదకు ముందే పనిచేయుచుండవలెను.

నాలుగవది, ఫలితమును అర్థముచేసికొను జ్ఞానము. "లేదు" అని వచ్చిన చీటీ "నిశ్చయముగ లేదు" అని చెప్పదు. ఆ నమూనాలో, ఆ దినమున దొరకలేదని మాత్రమే చెప్పును. ఈ భేదము తెలియక పెండ్లిండ్లకు, ప్రయాణములకు పోయి వ్యాధిని పంచినవారు కలరు. దీనిని నేర్పుటకు పాఠశాలకంటె తగిన స్థలము లేదు. ఉపాధ్యాయులు తరగతిలో నూరు కాగితపు ముక్కలు మడిచి, కొన్నింటిపై లోపల గుర్తుపెట్టి, అయిదేసి చొప్పున గుంపులు చేయించి, ఎన్ని "పరీక్షలు" పట్టినవో పిల్లలచే లెక్కింపజేయవచ్చును. గుర్తులు ఒకటినుండి ముప్పది వరకు పెంచుచు పోయినచో ఏ సంఖ్యవద్ద లాభము నశించునో వారే కనుగొందురు. ఆ పిల్లలలో కొందరు రేపటి పరీక్షాశాలలలో కూర్చుందురు. మిగిలినవారు ఆ పరీక్షాశాలలనుండి వచ్చు చీటీలను సరిగ చదువుకొందురు. సమాజమునకు ఈ రెండు తెగలవారును కావలెను.